సంతకమా, బట్టీ దాకా వెళ్లడమా?

తోటపని చేసే చిన్న కంపెనీ ఇటుకలు కొనేటప్పుడు, ‘మా దగ్గర వెట్టి లేదు’ అని సప్లయర్ చేత రాయించుకోవచ్చు. పది నిమిషాల పని, ఖర్చు లేదు. కానీ వెట్టి చేయించేవాడూ అదే సంతకం పెడతాడు.

లేదా బట్టీకే వెళ్లొచ్చు. ఒక పూట పోతుంది, డీజిల్ అదనం. తెలంగాణ బట్టీల్లో ఒడిశాలోని బలంగీర్ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉంటాయి, ఒడియా వచ్చినవాళ్లు తోడుంటే మేలు. వాళ్లు తీసుకున్న అడ్వాన్స్ ఎంత, ఇంకా ఎంత తీరాలి, ఆధార్ ఎవరి దగ్గరుంది, పండక్కి ఊరెళ్లనిస్తారా? ఓనరు పక్కన లేనప్పుడు అడగాలి. మట్టి ముద్దలు చేస్తూ పిల్లలు కనిపిస్తే ఇక అడిగేదేముంది! అప్పు తీరలేదని మనిషిని కట్టిపడేసి పని చేయించుకోవడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం నేరం, ఆ అప్పూ చెల్లదు.

నా ఓటు బట్టీకే. తేడా కనిపిస్తే ఆర్డర్ మానేసి ఊరుకోకుండా కలెక్టరాఫీసుకు చెప్పాలి. కాగితమంటారా, ఫైల్లో పడుంటుంది.