ఎనర్జీ రూల్స్ చూసుకోని తిరుపతిలో ఇల్లు కట్టి మూడో ఎండాకాలం, ఎట్లుందంటే

మా ఇల్లు రేణిగుంట రోడ్డు వైపు. కత్తిరి ఎండలు కూడా అయిపోయినాయి కాబట్టి ఇప్పుడు రాస్తే కరెక్టుగా ఉంటది. కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బిఇఇ వాళ్ళు 2018లో ఇళ్ళకి ఎకో నివాస్ సంహిత అని ఒక కోడ్ తెచ్చారు, అది 500 చదరపు మీటర్లు, అంటే 12 సెంట్లు దాటిన స్థలాలకి పెట్టింది, మాది దాంట్లో సగం కూడా లేదు, మమ్మల్ని ఎవురూ అడగలేదు కూడా. కానీ మా తమ్ముడు సివిల్ చదివినోడు, ఎట్లాగూ కడతా ఉన్నాం కదన్నా అని ఆ లెక్కల ప్రకారమే చేయించినాడు.

అన్నిట్లోకీ డబ్బుకి తగ్గ ఫలితం ఇచ్చింది మిద్దె. కోడ్‌లో పైకప్పు యూ-వాల్యూ, అంటే వేడి ఎంత తొందరగా దాటి లోపలికి వస్తాదో చెప్పే లెక్క, 1.2 దాటకూడదని ఉంది, మామూలు స్లాబు అయితే మూడు దాటుతుంది, అంటే వేడి రెండింతల పైనే లోపలికి దిగుతా ఉంటది. మేము స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్, దాని మీద రెండించుల ఎక్స్‌పీఎస్ షీటు (వేడిని ఆపే గట్టి ఫోమ్, థర్మకోల్ లాంటిదే), మెష్ వేసి కాంక్రీటు, పైన తెల్ల కూల్ టైల్స్. బేల్దారి మేస్త్రీ అయితే "ఏంది సామీ, ఐస్ పెట్టెకి వేసినట్టు మిద్దెకి థర్మకోల్ వేస్తారా" అని రెండ్రోజులు నవ్వినాడు. ఇప్పుడు మే నెల్లో మధ్యాహ్నం మూడింటికి స్టూలెక్కి స్లాబు అడుగున చెయ్యి పెడితే గోడ ఎంత వెచ్చగా ఉందో అదీ అంతే. పక్కింట్లో రాత్రి పదైనా ఫ్యాన్ వేస్తే పైనుంచి సెగ కొడతాది, మాకు ఆ బాధ లేదు. ఖర్చు మాత్రం రెండు ఏసీల డబ్బు దాటింది. ఇంకోటి, టైల్స్ మీద దుమ్ము పేరుకుంటే తెలుపు పోతాది, అప్పుడప్పుడూ కడుగుతా ఉండాల. నవంబర్ వానల్లో ఇప్పటిదాకా చెమ్మ దిగలేదు.

గోడలు ఎనిమిదించుల ఏఏసీ బ్లాకులు, అంటే లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు ఇటుకలు. చల్లగానే ఉన్నాయి కానీ ప్లాస్టరింగ్‌కి సన్న బీటలు వచ్చినాయి, మేకు కొడితే నిలవదు, దేవుడి పటానికి కూడా డ్రిల్లు పెట్టి ప్లగ్గు వేయాల్సిందే. మా అమ్మ ఇప్పటికీ ఈ విషయంలో తిడతానే ఉంది.

కిటికీలు జాగ్రత్తగా చూసుకోండి. కోడ్ ప్రకారం మా లాంటి వేడీ ఉక్కా ఉండే వార్మ్ హ్యూమిడ్ జోన్‌కి కిటికీల్లో తెరుచుకునే వైశాల్యం ఇంటి ఫ్లోర్ ఏరియాలో ఆరో వంతు ఉండాల, స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటాది కదా, లెక్కకి ఆ సగమే వస్తాది. అందుకే రెక్కల కిటికీలు పెట్టినాం. పడమర ఎండ సాయంత్రం కిందకి దిగి వస్తాది, రెండడుగుల సజ్జ దాన్ని ఆపలేదు, కాబట్టి ఆ పక్క మెట్లు, బాత్రూములు పెట్టినాం, వాస్తు చెప్పేటాయనకి కూడా ఇష్టమే అయింది, గొడవ తప్పింది. దోమల జాలీ వేసినాక గాలి తగ్గింది, దానికి మందు లేదు.

ఫ్యాన్లన్నీ బీఎల్‌డీసీ, అంటే తక్కువ కరెంటు తాగే మోటారువి, పాతవి 75 వాట్లు తాగేచోట ఇవి 30 దగ్గర్లో ఆగుతాయి. రిమోట్ పిల్లోళ్ళ చేతికి పోతే అంతే సంగతులు. ఏసీ ఒక్కటే, ఫైవ్ స్టార్, 24లో పెడితే చాలు, ఎక్కువ రోజులు నిద్రకి ముందు గంటసేపే. సోలార్ మూడు కిలోవాట్లు, ఇంటి మీద సోలార్‌కి కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 సబ్సిడీ వచ్చింది, ప్యానెళ్ళు బిగించినోళ్ళు మాత్రం నెట్ మీటర్ (మనం లైనుకి పంపే కరెంటుని కూడా లెక్కపెట్టే మీటర్) కాగితాలకి తిప్పినారు బాగా.

పైన ఇంకో అంతస్తు లేపే ఆలోచన ఉంటే మిద్దె మీద ఈ ఎక్స్‌పీఎస్ షీట్లు వేయించొద్దు, మళ్ళీ అంతా పగలగొట్టాల. అప్పటిదాకా తెల్ల కూల్‌రూఫ్ పెయింటు కొట్టించుకోండి, షీటంత పనిచేయదు, రెండు మూడేళ్ళకోసారి మళ్ళీ కొట్టాల కూడా, కానీ ఒట్టి స్లాబు కంటే చానా నయం.