న్యూయార్క్‌లో ట్రయాంగిల్ ఫ్యాక్టరీ భవనం: ఎలా చూడాలి, ఎక్కడ దిగాలి

న్యూయార్క్ వెళ్లే మనవాళ్ల లిస్టులో టైమ్స్ స్క్వేర్, లిబర్టీ విగ్రహం తప్పకుండా ఉంటాయి. వాషింగ్టన్ స్క్వేర్ పార్కుకి తూర్పున, గ్రీన్ స్ట్రీట్ మూలన ఉన్న బ్రౌన్ బిల్డింగ్, అంటే 1911లో ట్రయాంగిల్ ఫ్యాక్టరీ అగ్నిప్రమాదం జరిగిన భవనం, మాత్రం ఉండదు. నన్నడిగితే ముందు అదే చూడాలంటాను. టికెట్ లేదు, క్యూ లేదు.

1901 నాటికి కట్టిన పదంతస్తుల భవనమిది. అప్పటి పేరు ఆష్ బిల్డింగ్. పై మూడంతస్తుల్లో ట్రయాంగిల్ కంపెనీ ఆడవాళ్ల బ్లౌజులు కుట్టించేది. కుట్టేవాళ్లలో ఎక్కువమంది వలస వచ్చిన యూదు, ఇటాలియన్ కుటుంబాల అమ్మాయిలు. 1911 మార్చి 25, శనివారం సాయంత్రం, పని ముగిసే వేళకి ఎనిమిదో అంతస్తులో గుడ్డముక్కలు అంటుకున్నాయి. తొమ్మిదో అంతస్తులో ఒకవైపు మెట్ల తలుపుకి తాళం. వెనకవైపు ఇనుప మెట్లు జనం బరువుకి కూలిపోయాయి. ఫైరింజన్ నిచ్చెనలు ఆరో అంతస్తు దగ్గరే ఆగిపోయాయి. లిఫ్టు నడిపేవాళ్లు మళ్లీ మళ్లీ పైకెళ్లి చాలామందిని దించారు. అయినా 146 మంది పోయారు, వాళ్లలో 123 మంది ఆడవాళ్లు.

భవనం మాత్రం నిలబడింది. మంటలకి తట్టుకునేలా కట్టారు మరి. లోపలి మనుషుల గురించి అంత ఆలోచన ఎవరూ చేయలేదు. ట్రయాంగిల్ కంపెనీ యజమానులిద్దరూ కేసులో నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ రోజు వీధిలో నిలబడి చూసిన ఫ్రాన్సిస్ పెర్కిన్స్ 1933లో అమెరికా కార్మిక మంత్రి అయ్యారు. 1929లో భవనం న్యూయార్క్ యూనివర్సిటీకి విరాళంగా వెళ్లింది. ఇప్పుడు సైన్స్ ల్యాబులున్నాయి, బయటివాళ్లని లోపలికి పంపరు.

చూడాల్సింది బయటే ఉంది. 2023లో పెట్టిన స్మారకంలో తలపైన గోడ వెంబడి స్టీలు పట్టీ సాగుతుంది. అందులో చనిపోయినవాళ్ల పేర్లు, వయసులు అక్షరాలుగా కోశారు. కింద నడుం ఎత్తులో ఉన్న నల్లటి పలకలో అవి ప్రతిబింబిస్తాయి. పేరు చదవాలంటే తల వంచాలి. పదిహేను, పదహారేళ్ల వయసులు కనిపిస్తుంటే అక్కడినుంచి కదల్లేం. ఎండ ఉన్న పూట వెళ్లండి, అక్షరాలు బాగా తేలతాయి.

ఆ చుట్టుపక్కల హోటళ్ల రేట్లు ఎక్కువ. మేం దిగిన చోట బుకింగ్‌లో కనపడని ఫెసిలిటీ ఫీజు రోజువారీ కట్టించుకున్నారు, గదేమో ఇరుకు. నది అవతల, న్యూజెర్సీలోని జెర్సీ సిటీ జర్నల్ స్క్వేర్ దగ్గర ఉండటం మేలు. అక్కడ మన టిఫిన్లు దొరుకుతాయి, న్యూయార్క్‌కి నడిచే పాత్ (PATH) రైలెక్కి నైన్త్ స్ట్రీట్‌లో దిగితే కాస్త నడకే.

ఓపికుంటే అక్కడినుంచి ఆర్చర్డ్ స్ట్రీట్‌లోని టెనెమెంట్ మ్యూజియంకి, అంటే వలస కుటుంబాలు ఉన్న పాత అద్దె ఇళ్ల మ్యూజియంకి, వెళ్లండి. టికెట్ చౌకేం కాదు, గైడుతోనే లోపలికెళ్లాలి. కానీ 1890ల్లో లెవీన్ కుటుంబం అక్కడి చిన్న ఇంట్లోనే కాపురముంటూ, ముందు గదిలో గౌన్లు కుట్టించేది. ఫ్యాక్టరీలకి ముందు ఈ కుట్టుపని ఎలా సాగిందో ఆ గదిలో నిలబడితే తెలుస్తుంది. శనాదివారాల టూర్లు తొందరగా నిండిపోతాయి, ముందే బుక్ చేసుకోండి.