గోల్ షీటుతో పద్దెనిమిది నెలలు: చెంచా వద్దన్న నాన్న

నాన్నకు పక్షవాతం వచ్చి ఇరవై నెలలు దాటింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తుంది కానీ అర్థమవుతుంది. పద్దెనిమిది నెలలుగా మా ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉన్న ఒక కాగితం గురించే ఈ సమీక్ష. నాన్న మళ్లీ చేయాలనుకుంటున్న పనులూ, వాటికి ఆయనే వేసుకున్న మార్కులూ అందులో ఉంటాయి. దాన్ని గోల్ షీటు అంటారు.

మొదటి రెండు నెలలు వేరే చోట ఫిజియోథెరపీ చేయించాం. అక్కడా గోల్స్ ఉండేవి. భుజం ఇన్ని డిగ్రీలు లేవాలి, బిగుతు తగ్గాలి, పది మీటర్లు నడవాలి అని ఫైల్లో ఇంగ్లీషులో రాసేవాళ్లు. నాన్నకు చదివి చెప్పినవాళ్లు లేరు, మేమూ అడగలేదు. వ్యాయామం మధ్యలో ఆయన కళ్లు మూసుకునేవాడు. 'పేషెంట్ సహకరించడం లేదు' అని అదే ఫైల్లో రాశారు.

తర్వాత ఇంటికొచ్చిన ఓటీ మేడమ్ (ఆక్యుపేషనల్ థెరపిస్టు, అంటే రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే మనిషి) చెయ్యి పట్టి చూడకముందే కుర్చీ లాక్కుని కూర్చుంది. "బాబాయ్ గారూ, జబ్బు రాకముందు పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏమేం చేసేవారు?" అని అడిగింది. "ఇంక నాకేం కావాలమ్మా" అన్నాడు నాన్న. ఆమె బతిమాలలేదు, వదలనూ లేదు. పళ్లు తోముకోవడం, పంచె కట్టుకోవడం, టీ కొట్టు అంటూ గంటకు పైగా రోజంతా చెప్పించింది. మధ్యలో అమ్మా నేనూ జవాబులు అందిస్తుంటే, "ఒక్క పది నిమిషాలు మీరిద్దరూ వంటింట్లో ఉండండి" అంది. నాకు కోపం వచ్చిన మాట నిజం.

ఆమె వాడిన ఫారం పేరు సీఓపీఎం (కెనేడియన్ ఆక్యుపేషనల్ పెర్ఫార్మెన్స్ మెజర్). కెనడాలో పుట్టింది, 1991లో మొదటిసారి అచ్చయింది. చేయలేకపోతున్న పనులను రోగే చెప్పాలి. ఒక్కోదానికీ అది ఎంత ముఖ్యమో పదికి మార్కులు వేయాలి. వాటిలోంచి అయిదింటి దాకా ఎంచుకుని, ఎంత చేయగలుగుతున్నారు, దాంతో ఎంత తృప్తిగా ఉన్నారు అని మళ్లీ పదికి మార్కులు వేయాలి. కొన్నాళ్లకు తిరిగి అడిగినప్పుడు రెండు మార్కులు పెరిగితే లెక్కలోకి వచ్చే మార్పు అంటారు. నాన్నకు ఈ మార్కుల గోల ఎక్కలేదు. ఆమె దాన్ని "రూపాయికి ఎన్ని పైసలు పని జరుగుతోంది?" అని మార్చింది. నిమ్మకాయల వ్యాపారం చేసిన మనిషికి అది వెంటనే పట్టుబడింది.

ఆయన మొదటి కోరిక, ముఖ్యం పదికి పది: కుడిచేత్తో అన్నం కలుపుకుని తినడం. అప్పటికే ఎడంచేత్తో చెంచా పట్టి సొంతంగానే తింటున్నాడు. రోజువారీ పనులు ఎంతవరకూ సొంతంగా చేసుకుంటున్నారో కొలిచే బార్తెల్ ఇండెక్స్‌లో భోజనం గడికి ఎవరి సాయం లేకుండా తింటే పదీ వేస్తారు, చెంచాతో తిన్నా సరే. డిశ్చార్జి కాగితాల్లో ఆయనకు ఆ పదీ పడ్డాయి. అదే భోజనానికి ఆయన తనకు తాను వేసుకున్నది రూపాయికి పది పైసలు, అంటే పదికి ఒకటి. ఈ తేడా చూశాకే నాకు ఆ కాగితం విలువ తెలిసింది.

అక్కణ్నుంచి వ్యాయామం మారిపోయింది. మొదట చపాతీ పిండి పిసకడం, తర్వాత ముద్దపప్పు అన్నం. అది వేళ్లకు అంటుకుని ఉంటుంది కాబట్టి ముద్ద నిలుస్తుంది. పెరుగన్నం వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది, దానికి ఇంకో మూడు నెలలు పట్టింది. సాంబారన్నం ఇప్పటికీ చెంచాతోనే. మొదట్లో సగం మెతుకులు ఒళ్లో పడేవి. అమ్మ తుడవబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆర్నెల్లకు చేయడం అయిదు, తృప్తి ఎనిమిది. ఆ ఎనిమిది ఎక్కువేమో అని నాకనిపించింది. కానీ వేయాల్సింది నేను కాదుగా!

లోపాలూ ఉన్నాయి. థెరపిస్టుకు ఓపికా, మన భాషా రెండూ లేకపోతే ఇది ఇంకో ఫారం, అంతే. మధ్యలో మేడమ్ సెలవులో ఉన్నప్పుడు వచ్చిన ఇంకొకాయన అయిదు నిమిషాల్లో పాత అంకెలే దింపి సంతకం పెట్టాడు. మాట పూర్తిగా పోయినవాళ్లకూ, మతిమరుపు ఎక్కువగా ఉన్నవాళ్లకూ ఇలా అడగడం కష్టమే. మరోటి, రోగి కోరికలన్నీ నెరవేరేవి కావు. నాన్న మూడో గోల్ మోపెడ్ నడపడం. మేడమ్ కుదరదని మొదటి రోజే కొట్టేయలేదు. స్టాండు వేసిన బండి మీద కూర్చోబెట్టి కుడిచేత్తో బ్రేకు పట్టమంది. నాలుగుసార్లు ప్రయత్నించి, దిగి, "అది తీసెయ్యమ్మా" అని తనే అన్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదు.

మేడమ్‌కి ఇచ్చే ఫీజుకి ఈ పద్ధతి తగినదేనా అంటే, మా ఇంటివరకూ తగినదే. అయిదింటిలో మూడు కుదిరాయి, ఒకటి సగంలో ఉంది.

మోపెడ్ ఖాళీ చేసిన గడిలో కిందటి నెల కొత్తది చేరింది: పేకముక్కలు చేత్తో పట్టుకోవడం. ముక్కలు నిలబెట్టుకోవడానికి గాడి ఉన్న చెక్క ఒకటి మేడమ్ తెచ్చిచ్చింది. నాన్న దాన్ని పక్కకు నెట్టేశాడు. ముఖ్యం పది, చేయడం రెండు. "ఇంతకంటే మంచి కోరికే దొరకలేదా ఈయనకి" అని అమ్మ రోజూ ఫ్రిజ్ తీసినప్పుడల్లా గొణుగుతోంది.