పబ్‌మెడ్: భీమవరంలో కూర్చుని నాలుగేళ్ళుగా వాడుతున్నా, నా రివ్యూ

పబ్‌మెడ్ అంటే వైద్యం, జీవశాస్త్రం రీసెర్చ్ పేపర్లు వెతుక్కునే సైటు. ముందు ధర సంగతి చెప్పేస్తానండీ, పైసా అక్కర్లేదు. కార్డు నంబరు అడగదు, లాగిన్ కూడా అవసరం లేదు, ఫోన్‌లో తెరిచి పెట్టెలో పదం కొడితే చాలు. అమెరికా ప్రభుత్వ వైద్య గ్రంథాలయం వాళ్ళు నడిపేది ఇది, 1996లో మొదలైంది, మరుసటి ఏడాది నుంచి జనం అందరికీ ఫ్రీ చేసేశారు. ఇప్పుడు 3.7 కోట్లకు పైగా రీసెర్చ్ పేపర్ల వివరాలు ఉన్నాయి అందులో. ఇంత పెద్దది ఇంత తేలిగ్గా ఎలా తెరుచుకుంటుందో గానీ లంక ఊళ్ళల్లో సిగ్నల్ ఒక్క గీత ఉన్నా పేజీ వచ్చేస్తుంది, దాదాపు అంతా అక్షరాలే కదా, యాడ్‌లేమీ ఉండవు.

నా సంగతి రెండు ముక్కల్లో. ఇక్కడే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను, రొయ్యల జబ్బుల మీద పార్ట్ టైం పీహెచ్‌డీ చేస్తున్నా. మా కాలేజీకి ఒక్క రీసెర్చ్ జర్నల్ కూడా రాదు. మొదట్లో ఏదైనా పేపర్ కావాలంటే వైజాగ్ రైలెక్కడం, అక్కడ జిరాక్స్ తీయించుకోవడం, సాయంత్రం బండికి తిరిగి రావడం, ఒక్కోసారి తీరా వెళ్ళాక ఆ సంచిక లేదనేవాళ్ళు, రోజంతా పోయేది. 2025 జనవరి 1 నుంచి కేంద్రం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని పెట్టింది, అంటే దేశం మొత్తానికి ఒకే చందా, 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నల్స్, మూడేళ్ళకి 6,000 కోట్లు. చాలా మంచి పని, కానీ అది ప్రభుత్వ సంస్థలకి. మాలాంటి ప్రైవేటు కాలేజీల పిల్లలకి ఆ తలుపు ఇంకా తెరుచుకోలేదు, డెల్టాలో డిగ్రీ చదివే పిల్లల్లో ఎంతమంది ఇలాంటి కాలేజీల్లో ఉన్నారో ఇక్కడివాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అందుకే ఈ ఫ్రీ సర్వీసు గురించి ఇంత రాస్తున్నా.

అసలు దీని విలువ నాకు తెలిసింది క్లాసులో కాదు, ఉండి దగ్గర మా మావయ్య చెరువు గట్టు మీద. వనామీ రకం రొయ్య వేశాడు, 60 రోజులకి కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలన్నది) 200 దగ్గరే ఆగిపోయింది, ఒకటి పెద్దది ఒకటి చిన్నది, చెక్ ట్రేలో మేత మిగిలిపోతోంది, నీటి మీద తెల్లటి దారాల్లాంటి మలం తేలుతోంది. పీసీఆర్ (జబ్బు పురుగు డీఎన్‌ఏ పట్టే ల్యాబ్ టెస్టు) చేయిస్తే ఈహెచ్‌పీ అనే జబ్బు పాజిటివ్. ఎవరో ఒక పౌడర్ ప్యాకెట్ ఇచ్చి వెళ్ళారు, కిలో 1,800, దాని మీద రీసెర్చ్‌లో నిరూపితం అని పెద్దక్షరాల్లో ఉంది. మావయ్య ఆ ప్యాకెట్ నా చేతిలో పెట్టి "ఏరా అల్లుడూ, పేపర్లో వచ్చిందంటరా, నిజమేనా చూసి చెప్పు" అన్నాడు. అక్కడే ఫోన్ తీసి పబ్‌మెడ్‌లో ఆ ప్యాకెట్ వెనక ఉన్న మందు పేరూ ఈహెచ్‌పీ పూర్తి పేరు, ఎంటెరోసైటోజూన్ హెపటోపీనియై అనే జబ్బు పురుగు పేరూ కలిపి కొట్టా. ఒక్కటంటే ఒక్క పేపరూ రాలేదు. స్పెల్లింగ్ మార్చి కొట్టా, రాలేదు. పేపర్ లేనంత మాత్రాన ఆ మందు పనిచెయ్యదని నేను అనలేను, అది సరైన మాట కాదు. కానీ నిరూపితం అని రాసుకోడానికి ఆధారం చూపించలేదు కదా, అంతవరకు గట్టిగా చెప్పొచ్చు, మావయ్యకి అదే చెప్పా.

మందు పేరు తీసేసి జబ్బు పేరు ఒక్కటే వెతికితే మాత్రం బోలెడు వచ్చాయి. 2009లో థాయ్‌లాండ్ వాళ్ళు టైగర్ రొయ్యలో మొదటిసారి ఈ పురుగుని వర్ణించిన పేపరుంది, మన చెన్నై సీబా (ఉప్పునీటి ఆక్వా సాగు మీద పనిచేసే కేంద్ర సంస్థ) శాస్త్రవేత్తల పేపర్లున్నాయి. వాటిలోంచి అర్థమైంది ఏంటంటే ఇది బ్యాక్టీరియా కాదు వైరస్ కాదు, మైక్రోస్పొరిడియా అనే, బూజు జాతికి దగ్గరి సూక్ష్మజీవి, రొయ్య హెపటోపాంక్రియాస్ (తిండి అరిగించే అవయవం) కణాల లోపల కూర్చుని బీజాలు పెట్టుకుంటుంది, తిండి ఒంటబట్టనివ్వదు, అందుకే రొయ్య చావకుండానే ఎదగదు. ఒక రొయ్య నుంచి ఇంకో రొయ్యకి నేరుగా అంటుకుంటుంది, మధ్యలో వేరే జీవి అక్కర్లేదు. అంటే సీడ్ (రొయ్య పిల్లలు) వెయ్యకముందే పీసీఆర్ చేయించడం, పంట అయ్యాక చెరువు బాగా ఎండగట్టి కాల్చిన సున్నం దున్ని తడిపి పీహెచ్ 12 దాకా ఎక్కించడం, డబ్బు పెట్టాల్సింది వీటి మీద. ఆ పంట మావయ్య రొయ్యలు చిన్నగా ఉండగానే పట్టించేశాడు, నష్టమే వచ్చింది. ఆ పౌడర్‌కి పోవాల్సిన డబ్బు తర్వాతి పంటకి సున్నానికి పోయింది.

ఇక వాడకం. కొత్తవాళ్ళు చేసే మొదటి పొరపాటు, పొట్టి పేర్లు కొట్టడం. మన చెరువుల దగ్గర అనుకునే మూడక్షరాల పేరు కొడితే సంబంధం లేనివి కూడా వచ్చి పడతాయి, శాస్త్రీయ నామం పూర్తిగా కొట్టండి. జబ్బుల పేర్లకి ఇంకో సుఖముంది, హార్ట్ ఎటాక్ అని మామూలు మాట కొట్టినా అది మయోకార్డియల్ ఇన్‌ఫార్‌క్షన్ అనే డాక్టర్ల మాట కింద ఉన్నవి కూడా తనే వెతికి పెడుతుంది. ఫిల్టర్లలో ఫ్రీ ఫుల్ టెక్స్ట్ అని ఉంటుంది, అది నొక్కితే పూర్తి పేపర్ ఉచితంగా దొరికేవే మిగులుతాయి. సిస్టమాటిక్ రివ్యూ అనే ఫిల్టర్ కూడా ఉంది, ఒకే ప్రశ్న మీద వచ్చిన పేపర్లన్నీ ఏరి కలిపి చూసినవి అవి, మొదట అవి చదివి తర్వాత విడి పేపర్లలోకి వెళ్తే తికమక తగ్గుతుంది. ఒక మంచి పేపర్ దొరికిందా, దాని కిందే సిమిలర్ ఆర్టికల్స్ ఉంటాయి, సగం నా పీహెచ్‌డీ ఆ లింకుల వెంట నడిచిందే.

నాకు బాగా నచ్చింది ఇంకోటి చెప్పాలి, వెనక్కి తీసుకున్న పేపర్లని ఇది దాచదు, పేజీ పైనే స్పష్టంగా రిట్రాక్టెడ్ అని చూపిస్తుంది. మా వీధిలో ఒక అక్క బాబుకి టీకా వేయించడానికి భయపడిపోయింది, టీకాతో ఆటిజం వస్తుందని సైంటిస్టులే రాశారని ఎవరో వాట్సాప్‌లో పంపారు. ఆవిడ పక్కన కూర్చుని ఆ మాటకి మూలమైన పేపర్ తెరిచా, 1998లో లాన్సెట్ అనే వైద్య జర్నల్లో వచ్చింది. రిట్రాక్టెడ్ అని ఉంది, 2010లో జర్నలే వెనక్కి తీసుకుంది. అందులో చూసింది ఎంతమంది పిల్లల్ని అంటే 12 మందిని. తర్వాత 2019లో డెన్మార్క్ వాళ్ళు వేసిన పేపర్ తీశా, 6,57,461 మంది పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించారు, టీకా వేసినవాళ్ళలో ఆటిజం ఎక్కువ రాలేదు. ఆవిడ రెండు అంకెలూ రెండుసార్లు చదువుకుంది. "తమ్ముడూ, ఇది ఎవరూ ముందు చెప్పలేదేంటి" అంది. ఆ వారమే తీసుకెళ్ళి వేయించింది.

అంకె చూడమని మా పిల్లలకి ఎందుకు చెప్తానంటే ఇందుకేనండీ. పేపర్ చివర్లో ఏం తేల్చారన్నది తర్వాత, ఎంతమంది మీద చేశారు, పోల్చడానికి మందు వెయ్యని గుంపు ఉందా, ట్యాంకులో చేశారా చెరువులో చేశారా, ఇవి ముందు చూడాలి. పబ్‌మెడ్‌లో ఉందంటే మంచి పేపరే అని ముద్ర వేసినట్టు కాదు, బలహీనమైనవి కూడా ఉంటాయి. సారాంశం ఒక్కటే చదివి మోసపోవడం నేనూ చేశాను, పీహెచ్‌డీ మొదటి ఏడాది ఒక మొక్క కషాయం బ్రహ్మాండంగా పనిచేసిందని ఒక పేపర్ సారాంశం నమ్మేసి మూడు నెలలు దాని మీద పెట్టా, ఆనక పూర్తి పేపర్ దొరికి చూస్తే అందులో పోల్చే గుంపే లేదు. ఆ మూడు నెలలు తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

లోపాలు. పబ్‌మెడ్ వేరు, పీఎంసీ వేరు, చాలామందికి ఈ తేడా తెలియదు. పబ్‌మెడ్‌లో ఉండేది వివరాలూ సారాంశమూ, పూర్తి పేపర్లు దాచేది పీఎంసీ, 2000లో మొదలెట్టారు, అదీ ఫ్రీనే. పూర్తిది పీఎంసీలో లేకపోతే పబ్లిషర్ సైటుకి వెళ్తాం, అక్కడ ఒక్క పేపర్‌కి మూడు నాలుగు వేలు అడుగుతారు, మా పిల్లల నెల బస్ పాసులూ భోజనాలూ కలిపినా అంతవదు. అలాంటప్పుడు నేను చేసేది రాసినవాళ్ళకే ఈమెయిల్ పెట్టడం, ఫలానా ఊరు, ఫలానా పని చేస్తున్నా, కాపీ పంపగలరా అని మర్యాదగా రెండు లైన్లు. చాలామంది పంపిస్తారండీ, వాళ్ళ పని ఎవరో చదువుతున్నారంటే వాళ్ళకీ సంతోషమే. రొయ్యల జబ్బుల వరకు పబ్‌మెడ్ సరిపోతుంది గానీ మేత, చెరువు యాజమాన్యం, నీటి గుణాల మీద వచ్చేవన్నీ ఇందులోకి రావు, వాటికి గూగుల్ స్కాలర్ కూడా చూడాల్సిందే. లెక్కల వాళ్ళకి ఇది దాదాపు పనికిరాదు, మా మ్యాథ్స్ మేడం ఆర్కైవ్ (arXiv) అనే పేపర్ల సైటు వాడతారు, 1991లో పాల్ గిన్స్‌పార్గ్ అనే ఫిజిసిస్ట్ మొదలెట్టింది, అదీ ఫ్రీ. పెరెల్మాన్ అనే రష్యన్ గణిత శాస్త్రవేత్త, పాయింకరే కంజెక్చర్ అనే పేరుమోసిన పాత లెక్కని తేల్చేసిన మూడు పేపర్లూ 2002, 2003లో అక్కడ పెట్టాడు, ఏ జర్నల్‌కీ ఇవ్వలేదు, ఇప్పటికీ ఎవరైనా ఊరికే దింపుకుని చదువుకోవచ్చు అని ఆవిడ చెప్తుంటే స్టాఫ్ రూమ్‌లో అందరం వింటూ ఉండిపోయాం.

పాతవాటి దగ్గర కూడా పబ్‌మెడ్ తక్కువే, అందులో ఎక్కువగా ఉండేవి 1946 నుంచి వచ్చినవి. ఇది నాకు ఎందుకు కావాల్సి వచ్చిందంటే, మందుల పరిశోధనలో పేరుపొందిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టింది మా భీమవరంలోనే, 1895లో. బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో ఫాస్ఫరస్ ఎంతుందో చూడ్డానికి మా పిల్లలు మాలిబ్డేట్ వేసి నీలం రంగు తెప్పిస్తారు, ఆ పద్ధతి పేరే ఫిస్కె, సుబ్బారావు పద్ధతి. ఏళ్ళ తరబడి చేయిస్తున్నాను గానీ ఆ అసలు పేపర్ ఎప్పుడూ చూడలేదు. 1925లో జర్నల్ ఆఫ్ బయోలాజికల్ కెమిస్ట్రీలో వచ్చింది, 375వ పేజీ నుంచి 400 దాకా. ఆ జర్నల్ 2021 నుంచి పూర్తిగా ఓపెన్ యాక్సెస్, వాళ్ళ సైట్లోనే ఫ్రీగా దొరికింది. ప్రొజెక్టర్ మీద వేస్తే పిల్లలు లేచి ముందుకొచ్చి ఆయన పేరు దగ్గర వేలు పెట్టి చూశారు. నాకు గొంతు పట్టేసింది.

ఆయన తర్వాతి పని మొత్తం మాత్రం పబ్‌మెడ్‌లో గొలుసులా పట్టుకోవచ్చు. లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో ఆయన నడిపిన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుని ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పసిపిల్లలకి ఇచ్చి చూశారు, 1948 పేపర్, 16 మందిలో 10 మందికి కొన్నాళ్ళైనా గుణం కనిపించింది. ఫోలిక్ యాసిడ్ తయారీ కూడా ఆ బృందమే సాధించింది, దాని మీద 1991లో లాన్సెట్‌లో వచ్చిన ట్రయల్ మా చెల్లికి చదివి వినిపించా. అంతకుముందు వెన్నుపాము లోపంతో బిడ్డ పుట్టిన 1,817 మంది తల్లులు, 7 దేశాలు, గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే ఆ లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది. ముందు నుంచే అన్నమాట ముఖ్యం, ఎందుకంటే తర్వాత వెన్నుపాముగా మారే నాళం మూసుకునేది మొదటి నాలుగు వారాల్లోనే, చాలామందికి అప్పటికి కడుపుతో ఉన్నామనే తెలియదు. చెల్లి డాక్టరమ్మని అడిగి ముందే మొదలెట్టింది. ఇక డీఈసీ, బోదకాలుకి ఇచ్చే మాత్ర, అదీ ఆయన బృందందే. మా నాన్నమ్మకి ఎడమకాలు బోదకాలు, కాలవ గట్టు ఊళ్ళల్లో ఆ తరంలో ఇంటికొకరు ఉండేవాళ్ళు. అదే డీఈసీకి ఇంకో రెండు మందులు కలిపి ఒక్కసారి ఇస్తే మూడేళ్ళ దాకా దాదాపు అందరి రక్తంలోనూ పురుగు పిల్లలు కనబడలేదని పాపువా న్యూ గినియాలో 182 మంది మీద చేసిన ట్రయల్ 2018లో వచ్చింది. భీమవరంలో పుట్టినాయన మందు ఇంకా పనిచేస్తోందని అలా వెతుక్కుంటూ నాకు తెలిసింది.

అన్నిటికంటే పెద్ద లోటు, తెలుగులో లేకపోవడం. ఫోన్‌లో అనువాదం నొక్కితే కంట్రోల్ గ్రూప్‌ని నియంత్రణ సమూహం అంటుంది, మావయ్యకి అదేం అర్థమవుతుంది, మందు వెయ్యని చెరువురా మావయ్యా అంటే ఒక్క క్షణంలో పట్టుకున్నాడు. అందుకని 5కి 4 ఇస్తున్నా, ఆ తగ్గించిన ఒక్కటీ దీనికే.

భీమవరం, ఆకివీడు, పాలకొల్లు, నరసాపురం వైపు రైతులు గానీ డిగ్రీ పిల్లలు గానీ ఎవరైనా ఏదైనా ప్యాకెట్ మీద రీసెర్చ్ అని రాసుంటే దాని వెనక వైపు ఫోటో, మందు పేరు కనబడేలా, కింద పెట్టండి. వెతికి ఏం దొరికిందో, ఏం దొరకలేదో మన మాటల్లో రాసి పెడతా.