ఆడియోమాత్: పిట్టల కూతలు పట్టే రికార్డర్ ఎలా ఉంది?

పక్షుల సర్వేకి ఒకే ఒక్క పరికరం కొనగలిగితే ఆడియోమాత్ కొనండి. అరచేతిలో ఇమిడే సర్క్యూట్ బోర్డు, మూడు ఏఏ బ్యాటరీలు, ఒక మైక్రో ఎస్‌డీ కార్డు, అంతే. తెర లేదు, జీపీఎస్ లేదు. 1986లో కడప జిల్లాలో మళ్లీ కనబడిన కలివికోడి లాంటి రాత్రి పక్షులు కంటికి దొరకడం చాలా కష్టం, చెవికి దొరకడం కొంత నయం. వాటి కోసం చెట్టుకు కట్టి వదిలేయడానికి ఇంతకంటే అనువైనది అరుదు.

సెట్టింగులన్నీ కంప్యూటర్‌లోనే చేయాలి. యూఎస్‌బీతో కలిపి వేళలు, శాంప్లింగ్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలవాలో), గెయిన్ (శబ్దాన్ని ఎంత పెంచాలో) ఎంచుకున్నాక స్విచ్‌ని కస్టమ్‌కి జరపాలి. ఆకుపచ్చ దీపం మినుకుమంటే రికార్డింగ్ వేళ కోసం ఆగి ఉన్నట్టు, ఎరుపు వెలిగితే రికార్డు చేస్తున్నట్టు. పిట్టలకు 32 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ రేటు చాలు. గంటకు 230 ఎంబీ పడుతుంది. తెల్లవారుజామున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు పెడితే 32 జీబీ కార్డు నెల దాటి వస్తుంది. గబ్బిలాల కోసమైతే 384 కిలోహెర్ట్జ్ దాకా వెళ్లొచ్చు, కానీ కార్డు చూస్తుండగానే నిండుతుంది.

పని చెడేది ఎక్కువగా గడియారం దగ్గరే. బ్యాటరీలు తీస్తే టైమ్ పోతుంది. కొత్తవి వేసిన ప్రతిసారీ కంప్యూటర్‌తో గానీ, ఫోన్ యాప్ వినిపించే శబ్ద సంకేతంతో గానీ మళ్లీ సరిచేయాలి. ఇంకో చిక్కు: మార్చకపోతే ఫైళ్ల పేర్లు యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో వస్తాయి. మనకంటే అయిదున్నర గంటలు వెనక కాబట్టి, తెల్లవారుజామున 4 గంటల రికార్డింగ్ ముందు రోజు తేదీతో 22:30గా నమోదవుతుంది. ఇది గమనించకుండా పట్టిక వేస్తే ఉదయపు కూతలన్నీ రాత్రి లెక్కలో కలిసిపోతాయి. లోకల్ టైమ్ ఎంపికను మొదటే టిక్ చేయండి.

డబ్బు ఆదా కోసం జిప్ కవర్‌లో పెడితే గాలికి కవరు గరగరలాడి సన్నని కూతలు మునిగిపోతాయి. వానాకాలంలో శబ్దాన్ని లోపలికి పోనిచ్చే పొర ఉన్న, ఆడియోమాత్ కోసమే చేసిన పెట్టె, లోపల సిలికా జెల్ పొట్లం తప్పనిసరి. చవక కార్డులు మధ్యలో మొరాయిస్తాయి. పేరున్న కార్డునైనా ఒక రాత్రి ఇంటిదగ్గర నడిపి చూశాకే అడవికి పంపాలి. అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతి కావాలి. మనుషుల మాటలు కూడా రికార్డవుతాయి కాబట్టి కాలిబాటలకు దూరంగా కట్టడం మర్యాద.

వచ్చిన ఫైళ్లను కూతలను బట్టి పక్షిని గుర్తించే బర్డ్‌నెట్ సాఫ్ట్‌వేర్‌తో జల్లెడ పట్టొచ్చు. అది మూడేసి సెకన్ల ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ జాతి పేరు, 0 నుంచి 1 మధ్య నమ్మకపు అంకె ఇస్తుంది. రికార్డు చేసిన చోటి అక్షాంశ రేఖాంశాలు, ఏడాదిలో అది ఎన్నో వారమో ఇవ్వకపోతే మన దేశంలో లేని పిట్టల పేర్లూ చెబుతుంది. అంకె ఎక్కువైనంత మాత్రాన నిజమనుకోకూడదు: ఏట్రింత శిక్రా డేగ కూతను అనుకరించగలదు. ప్రతి జాతికీ కొన్ని ముక్కలు చెవితో విని, ఏ అంకె దగ్గర నుంచి నమ్మాలో జాతివారీగా వేరుగా నిర్ణయించుకోవాలి.

మైకు ఒక్కటే కనుక కూత ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలియదు. పది కూతలు పది పిట్టలవా, ఒకే పిట్టవా అన్నదీ చెప్పలేదు. సంఖ్య కావలసిన సర్వేకి మనిషి నడవాల్సిందే.