సిమెంటు కోర్టుకు 7వ నంబరు రబ్బరు బంతి: పీడీ సార్లు కొనే ముందు

నల్లగొండ, పాలమూరు వైపు డిగ్రీ కాలేజీల్లో బాస్కెట్‌బాల్ కోచ్ అంటే చాలాచోట్ల పీడీ సారే. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ అన్నీ ఆయన నెత్తినే. ఉన్న కొద్దిపాటి డబ్బుతో ఆరుబయటి సిమెంటు కోర్టుకు ఏ బంతి కొనాలంటే, లోతైన గాడులున్న రబ్బరు బంతే. కాంపోజిట్ లెదర్ (కృత్రిమ తోలు) బంతి చేతికి బాగా అతుక్కుంటుంది, నిజమే. కానీ సిమెంటు గరుకుకు పైపొర త్వరగా అరిగి నున్నబడుతుంది. ధరా ఎక్కువే.

అబ్బాయిలకు 7వ నంబరు: చుట్టుకొలత 75–77 సెం.మీ., బరువు సుమారు 600 గ్రాములు. అమ్మాయిలకు 6వ నంబరు: సుమారు 72 సెం.మీ. రెండు జట్లనూ ఒకే బంతితో ఆడిస్తే అమ్మాయిల షాట్ పాడవుతుంది. 12 మంది జట్టుకు ఇద్దరికొకటి చొప్పున ఆరు బంతులుంటే డ్రిబ్లింగ్ సాధనలో ఎవరూ ఖాళీగా నిలబడరు.

దుకాణంలోనే గాలి కొట్టించి, 1.8 మీటర్ల ఎత్తు నుంచి వదలండి. బంతి పైభాగం 1.2–1.4 మీటర్ల దాకా లేవాలి. గాల్లో తిప్పితే ఊగకూడదు. ఊగితే లోపలి నైలాన్ దారం సమంగా చుట్టలేదన్నమాట, అది పక్కన పెట్టేయండి.

గాలి ఎంతన్నది వాల్వు పక్కనే ఉంటుంది, ఎక్కువగా 7–9 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత). మన ఎండలతోనే తంటా. 25 డిగ్రీల పొద్దున 8 పీఎస్‌ఐ నింపిన బంతి 45 డిగ్రీలకు వేడెక్కితే తొమ్మిదిన్నర అవుతుంది. కారు డిక్కీలో ఇంకా ఎక్కువ. దారం తెగి ఒకపక్క గడ్డలా ఉబ్బేది ఇలాగే. బంతి మీద కూర్చున్నా, కాలితో తన్నినా అంతే. ఉబ్బిన బంతికి రిపేరు లేదు. వేసవిలో 7 పీఎస్‌ఐ దగ్గరే ఆపి, నీడలో ఉంచండి.

రబ్బరు బంతి లోపం చెప్పాలంటే, ఎర్రమట్టి దుమ్ము పట్టగానే జారుతుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు, నీళ్లలో ముంచొద్దు. ఇండోర్ కోర్టులో పోటీకి వెళ్లే జట్టుకు ఈ అలవాటుతో చేతి పట్టు తేడా వస్తుంది. అందుకని ఒక్క కాంపోజిట్ బంతి దాచి, చివరి వారం షూటింగ్‌కు తీయాలి.

1964 నుంచి 1975 మధ్య అమెరికాలోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీ జట్టుకు 10 జాతీయ టైటిళ్లు తెచ్చిన బాస్కెట్‌బాల్ కోచ్ జాన్ వుడెన్, ఆటగాళ్లకు మొదట నేర్పింది సాక్సు ముడత పడకుండా తొడుక్కోవడం. ముడత పడితే బొబ్బ, బొబ్బ లేస్తే ప్రాక్టీసు పోయినట్టే. మన దగ్గర మొదటి పాఠం గాలి కొట్టే పంపు సూది కావాలి. రెండు చుక్కల గ్లిజరిన్ రాసి నిటారుగా దింపాలి. పొడిసూది వాల్వును చీల్చేస్తుంది, వంకరగా గుచ్చితే విరుగుతుంది. సూదులు అరడజను కొనిపెట్టుకోండి. విరిగిన ముక్క లోపలే ఉండిపోయిన బంతి మీద మాత్రం ఎవరు కూర్చున్నా అడ్డు చెప్పక్కర్లేదు.