పాత కంప్యూటర్‌లో పార్టు కనిపించకపోతే ఏది మేలు: డ్రైవరా, కొత్త పార్టా, లైనక్స్ పెన్‌డ్రైవా?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసిన దగ్గర నుంచి పాత డెస్క్‌టాప్‌ల గురించి అడిగేవారు ఎక్కువయ్యారు. పదిహేనేళ్ల నాటి పెట్టెను పారేయడానికి మనసొప్పక ఒకరు విండోస్ మళ్లీ వేస్తారు, ఒకరు ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్కు కంటే వేగమైన డిస్కు) కొని బిగిస్తారు, ఇంకొకరు అటక మీద నుంచి దించి పిల్లల చదువుకు సిద్ధం చేయబోతారు. అందరూ వచ్చి ఆగేది ఒకే చోట. సౌండ్ లేదు, నెట్ లేదు, లేదా డిస్కే కనిపించడం లేదు. వెంటనే అడిగే ప్రశ్న: డ్రైవర్ (ఆ పార్టుతో ఎలా పనిచేయించుకోవాలో విండోస్‌కు చెప్పే ప్రోగ్రాము) కోసం వెతకమంటారా, కొత్త కార్డు కొనేయమంటారా?

ఈ రెండింటికీ నేను మూడోది ఒకటి చేరుస్తాను. అది లైనక్స్ (విండోస్‌కు బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించిన పెన్‌డ్రైవ్. నా మొగ్గు అటేనని ముందే చెప్పేస్తున్నాను, మిగతాదంతా ఆ లెక్కలోనే చదువుకోండి.

కంప్యూటర్ ఆన్ కాగానే మదర్‌బోర్డు, చిప్‌లను, కార్డులను తనతో కలిపే పీసీఐ దారుల్లో ఒక్కో చిరునామానూ పలకరిస్తుంది. అక్కడ ప్రాణమున్న చిప్ ఉంటే రెండు సంఖ్యలు జవాబుగా చెబుతుంది: తయారీ సంస్థ సంఖ్య, పరికరం సంఖ్య. రియల్‌టెక్ అయితే 10ఈసీ, ఇంటెల్ అయితే 8086, ఎన్‌విడియా అయితే 10డీఈ. అక్కడ ఎవరూ లేకపోతే అన్నీ ఎఫ్‌లే వస్తాయి. ఈ పలకరింపుకు విండోస్‌తో పని లేదు, డ్రైవర్‌తో అసలే లేదు. డ్రైవర్ అవసరం పడేది ఆ తర్వాత, ఆ చిప్‌తో పని చేయించుకోవాల్సి వచ్చినప్పుడు. పలికిన పార్టుకు డ్రైవర్ వెతకడంలో అర్థం ఉంది. పలకని పార్టుకు లోకంలోని డ్రైవర్లన్నీ తెచ్చి కుమ్మరించినా లాభం లేదు. ఏ దారి మేలో తేల్చేది నా దృష్టిలో ఇదొక్కటే. ధర, ఓపిక, తీరిక అన్నీ దీని తర్వాతే.

  

ముందు డ్రైవర్ సంగతి. విండోస్‌లో పార్టుల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు కనిపిస్తే కంగారు పడతారు గానీ నిజానికి అది మంచి కబురు. పార్టు పలికింది, విండోస్‌కే దాని భాష రాలేదు. ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌కు వెళ్లి హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకుంటే వెన్, డెవ్ అనే అక్షరాల పక్కన ఆ రెండు సంఖ్యలు ఉంటాయి. వెన్ 10ఈసీ, డెవ్ 8168 అంటే రియల్‌టెక్ గిగాబిట్ నెట్‌వర్క్ చిప్. వెన్ 8086, డెవ్ 1సీ3ఏ అంటే ఇంటెల్ 6 సిరీస్ బోర్డుల్లోని మేనేజ్‌మెంట్ ఇంజిన్. ఇది 'పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్' అనే పేరుతో కనబడి చాలామందిని బెదరగొడుతుంది. మోడెమ్ అనుకుని దానికోసం గంటల తరబడి వెతికేవారున్నారు. ఇంట్లో బ్రౌజింగ్‌కు, సినిమాలకు వాడే కంప్యూటర్‌లో దానికి డ్రైవర్ వేయకపోయినా మీకు తేడా తెలియదు.

అదే కిటికీలో ఒక కోడ్ కూడా ఉంటుంది. 28 అంటే డ్రైవర్ లేదని. ఇదే తేలికైనది, డ్రైవర్ దారిలో నిశ్చింతగా వెళ్లండి. 10 అంటే పరికరం మొదలవలేకపోయిందని. అది డ్రైవర్ తేడా వల్ల కావచ్చు, చిప్ లోపం వల్లా కావచ్చు. 43 అంటే పరికరమే తనలో ఏదో తప్పుందని నివేదించింది కాబట్టి విండోస్ దాన్ని ఆపేసిందని. 43 దగ్గర ఒకసారి డ్రైవర్ మార్చి చూడండి, అంతకుమించి రాత్రులు పాడుచేసుకోవద్దు.

డ్రైవర్ ఎక్కడ దొరుకుతుందన్నది అసలు చిక్కు. మదర్‌బోర్డు తయారు చేసిన కంపెనీ సైటు మొదటి చోటు, అక్కడ దొరికితే వేరే చోట వెతకనక్కర్లేదు. కానీ ఇంటెల్ 2013లో డెస్క్‌టాప్ బోర్డుల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. 2019లో పాత బోర్డుల బయాస్ (విండోస్ కంటే ముందే నడిచే, బోర్డులోని ప్రోగ్రాము), డ్రైవర్ ఫైళ్లను తన సైటు నుంచి తొలగిస్తూ వచ్చింది. మన ఇళ్లలో, ఇంటర్నెట్ సెంటర్లలో ఒకప్పుడు ఎక్కడ చూసినా డీజీ31పీఆర్, డీజీ41ఆర్‌క్యూ బోర్డులే కదా. అలాంటివారికి మిగిలిన నమ్మకమైన చోటు మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్. హార్డ్‌వేర్ ఐడీలో డెవ్ సంఖ్య దాకా కాపీ చేసి అక్కడ వెతికితే క్యాబ్ ఫైలు (జిప్ లాంటిది) దొరుకుతుంది. దాన్ని విప్పి ఒక ఫోల్డర్‌లో పెట్టి, అప్‌డేట్ డ్రైవర్ నొక్కి ఆ ఫోల్డర్‌ను చూపిస్తే చాలు. నెట్‌వర్క్ చిప్పే పనిచేయని చోట ఇదంతా ఎలా దించుకోవాలంటారా? ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. విండోస్ 10 చాలా ఆండ్రాయిడ్ ఫోన్లను వెంటనే గుర్తుపడుతుంది.

డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో వేసేస్తామనే సాఫ్ట్‌వేర్లు కొన్ని ఉన్నాయి. కొన్ని పనిచేస్తాయి, కొన్ని అడగని ప్రోగ్రాములను వెంట తెస్తాయి. వెతికే ఓపిక పూర్తిగా అయిపోయినప్పుడు చూడండి.

ఇక రిపేరు షాపుల్లో తరచూ వినిపించే 'ఫార్మాట్ కొట్టేద్దాం'. ఎలుక ఎక్కడ దూరిందో చూడకుండా ఇల్లంతా సున్నం వేయించడం లాంటిది ఇది. పలకని కార్డు ఫార్మాట్ తర్వాతా పలకదు. పైగా అప్పటిదాకా పనిచేస్తున్న ప్రింటర్ డ్రైవర్ కూడా పోతుంది.

కొత్త పార్టు కొనడం మీద నాకు చిన్నచూపేమీ లేదు. వైఫై, సౌండ్ ఈ రెండింటికీ అదే తెలివైన పని కావచ్చు కూడా. యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ గానీ, మామూలు వైఫై డాంగిల్ గానీ కొన్ని వందల రూపాయల్లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట ఏ కొట్లో అడిగినా ఇస్తారు. ఆదివారమంతా డ్రైవర్ వేటలో గడపడం కంటే నయం. అయితే చవక డాంగిల్ చాలావరకు నెమ్మదైన 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీదే నడుస్తుంది. మరో చమత్కారం, రియల్‌టెక్ చిప్ ఉన్న కొన్ని డాంగిళ్లు తగిలించగానే వైఫై కార్డులా కాకుండా సీడీ డ్రైవ్‌లా కనిపిస్తాయి. డ్రైవర్ వాటి పొట్టలోనే ఉంటుంది. ఆ సీడీ తెరిచి ఇన్‌స్టాల్ చేశాక గానీ వైఫైగా మారవు. ఇది తెలియక పాడైపోయిందని కొట్టుకు తిరిగి పట్టుకెళ్లేవారు ఎందరో.

కొనడంలో ఉన్న అసలు ప్రమాదం వేరు. లోపం కార్డులో కాకుండా స్లాటులో ఉంటే కొత్త కార్డు కూడా పలకదు. బయాస్‌లో ఆన్‌బోర్డ్ ల్యాన్ ఆఫ్ అయి ఉంటే కొత్త కార్డు పనిచేస్తుంది, కానీ ఆ డబ్బు ఊరికే పోయినట్టే. ఏది పాడైందో తెలియకుండా కొనడం పందెం కాయడమే. అందుకే ముందు పెన్‌డ్రైవ్ అంటాను.

లైనక్స్ రకాలైన ఉబుంటు గానీ, లైనక్స్ మింట్ గానీ దించుకుని రూఫస్ అనే ప్రోగ్రాముతో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. పాత బోర్డు కాబట్టి పార్టిషన్ పద్ధతి ఎంబీఆర్ అని ఎంచుకోవాలి. కంప్యూటర్ మొదలవుతుండగా బూట్ మెనూ కీ నొక్కాలి: ఇంటెల్ బోర్డుల్లో ఎఫ్10, గిగాబైట్‌లో ఎఫ్12, ఏసుస్‌లో ఎఫ్8, ఎంఎస్‌ఐలో ఎఫ్11. ఇన్‌స్టాల్ చేయకుండా ప్రయత్నించి చూసే మార్గం ఎంచుకుంటే మీ డిస్కులో ఏదీ మారదు. కోర్ 2 డుయో, ఆ తర్వాతి కోర్ ప్రాసెసర్లు 64 బిట్‌వే కాబట్టి ఇబ్బంది లేదు. మీది 32 బిట్ ప్రాసెసర్ అయితే ఇప్పటి ఉబుంటు, మింట్ రెండూ నడవవు. యాంటిఎక్స్ లాంటి తేలికపాటి లైనక్స్‌లో 32 బిట్ రూపం చూసుకోవాలి.

పాత హార్డ్‌వేర్‌కు కావాల్సిన డ్రైవర్లు చాలావరకు లైనక్స్ కెర్నల్‌లోనే, అంటే దాని మూల భాగంలోనే ఉంటాయి. అందువల్ల ఈ పరీక్ష పార్టు ఉందా లేదా అన్నదానితో ఆగదు, పనిచేస్తుందా అన్నది కూడా చెబుతుంది. యూట్యూబ్‌లో పాట పెట్టి చూడండి. మోగితే సౌండ్ చిప్, నెట్‌వర్క్ చిప్ రెండూ బాగున్నట్టే, తప్పంతా విండోస్ వైపు ఉన్నట్టే. ఇక ధైర్యంగా డ్రైవర్ వెతకొచ్చు, ఒక్క రూపాయీ పెట్టనక్కర్లేదు.

మోగకపోతే టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ అని ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో కొట్టండి. పక్కన హైఫన్ పెట్టి ఎన్‌ఎన్‌కే చేరిస్తే ఆ సంఖ్యలు, వాడుతున్న డ్రైవర్ పేరు కూడా వస్తాయి. జాబితాలో పార్టు ఉండి పనిచేయకపోతే వెంటనే పాడైందనుకోవద్దు. పాత ల్యాప్‌టాప్‌లలోని బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లు ఇందుకు పేరుమోసినవి. వాటికి విడిగా ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే ప్రోగ్రాము) వేస్తే గానీ లైనక్స్‌లో కదలవు. విండోస్‌లో సరైన డ్రైవర్ పడితే అవే చక్కగా నడుస్తాయి. సౌండ్ అయితే ముందువైపు జాక్ వదిలేసి వెనకాల ఆకుపచ్చ జాక్‌లో పెట్టి వినండి. క్యాబినెట్ ముందు జాక్ తీగ ఏసీ97 అనే పాత రకమై, బయాస్‌లో హెచ్‌డీ ఆడియో అని ఉంటే ముందు జాక్ పెట్టినా కంప్యూటర్‌కు తెలియదు.

జాబితాలోనే లేకపోతే అప్పుడు పెట్టె విప్పే పని. ముందుగా పవర్ కేబుల్ పీకేసి, ఆన్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకుని, మళ్లీ పెట్టి చూడండి. ఆన్‌బోర్డ్ నెట్‌వర్క్ చిప్‌లు కొన్ని విండోస్ నిద్రపుచ్చిన స్థితిలోనే ఉండిపోతాయి, కరెంటు పూర్తిగా తీస్తే గానీ లేవవు. తర్వాత బయాస్‌లో ఆ పార్టు ఎనేబుల్ అయి ఉందో లేదో చూడాలి. విడి కార్డయితే తీసి, బంగారు రంగు పళ్లను రబ్బరుతో మెల్లగా రుద్ది, వేరే స్లాటులో బిగించాలి. ఇన్ని చేసినా జాబితాలోకి రాకపోతే కొట్టుకు వెళ్లండి. అప్పుడు పెట్టే ఖర్చు మీద అనుమానం ఉండదు.

బయాస్ మాట వచ్చింది కాబట్టి బోర్డు మీదుండే నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ గురించి చెప్పాలి. అది అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. భద్రత ఉన్న సైట్లు సర్టిఫికెట్ చెల్లదని తెరుచుకోవు, మనం నెట్ కార్డును తిడతాం. బయాస్ సెట్టింగులు కూడా కంపెనీ పెట్టినవాటికి తిరిగిపోతాయి. డిస్కుతో మాట్లాడే పద్ధతి ఏహెచ్‌సీఐగా ఉండగా వేసుకున్న విండోస్, అది పాత ఐడీఈ మోడ్‌కు మారితే లేవలేక నీలం తెర చూపిస్తుంది. బ్యాటరీ మార్చి, ఆ సెట్టింగ్ తిరిగి పెడితే సరిపోతుంది.

డిస్కు విషయంలో మాత్రం పెన్‌డ్రైవ్‌కు పోటీయే లేదు. ఉబుంటు, మింట్ రెండింట్లోనూ డిస్క్స్ అనే ప్రోగ్రాము ఉంటుంది. అందులో స్మార్ట్ వివరాలు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) తెరిస్తే 199వ వరుసలో యూడీఎంఏ సీఆర్‌సీ తప్పుల (దారిలో డేటా చెడిన సందర్భాల) లెక్క ఉంటుంది. వాడుతున్న కొద్దీ ఆ అంకె పెరుగుతుంటే డిస్కు కంటే ముందు దాన్ని బోర్డుకు కలిపే సాటా కేబుల్‌ను అనుమానించాలి. దాని ఖరీదు ఏపాటి! 5వ వరుసలో రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడవడంతో డిస్కు పక్కన పెట్టిన భాగాలు) పెరుగుతుంటే ఏ కేబులూ కాపాడదు, ఫొటోలు కాపీ చేసుకోవడం మొదలుపెట్టండి. విండోస్ తెరవలేకపోయిన డిస్కును లైనక్స్ తెరిచి చూపించడం చాలాసార్లు జరిగేదే.

కొత్త డిస్కు పెట్టినవారి సమస్య వేరు. అది డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఉండి, దిస్ పీసీలో కనిపించకపోతే ఇనిషియలైజ్ చేయాలి, అంటే వాడకానికి సిద్ధం చేయాలి. 2 టీబీ దాటితే పార్టిషన్ పద్ధతి జీపీటీ అని ఎంచుకోవాలి, ఎంబీఆర్ అంతకుమించి చూడలేదు. ఇనిషియలైజ్ చేయాలా అన్న ప్రశ్న మీ ఫొటోలున్న పాత డిస్కుకు విండోస్ వేస్తే మాత్రం ఓకే నొక్కకండి.

ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీని (సాటా కాకుండా పీసీఐ దారిలో నడిచే రకం) అడాప్టర్ కార్డుతో ఇంటెల్ హెచ్61 చిప్‌సెట్ కాలం నాటి బోర్డులో పెట్టినవారికి వింత అనుభవం ఎదురవుతుంది. లైనక్స్‌లో డిస్కు చక్కగా కనిపిస్తుంది, బయాస్ బూట్ జాబితాలో మాత్రం ఉండదు. ఆ బయాస్‌లకు ఎన్‌వీఎంఈ నుంచి బూట్ చేయడం తెలియదు. డ్రైవర్ వేసినా, అడాప్టర్ మార్చినా అది మారదు. ఇంకా కొనలేదంటే రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ తీసుకోండి. ఆ చిప్‌సెట్‌లో సాటా వేగం సెకనుకు 3 గిగాబిట్ల దగ్గరే ఆగుతుంది, అయినా పాత హార్డ్ డిస్కుతో చూస్తే ఎంతో మెరుగు. ఇప్పటికే కొనేసి ఉంటే దాన్ని డేటాకు వాడుకోండి, విండోస్‌ను సాటా డిస్కు మీదే ఉంచండి.